మేడమీద గదిలో తడిబట్ట పాఠం

సభకు అధ్యక్షత వహిస్తున్న విద్యాధికారి గారికి, ఈ బడిని సొంత ఇంటికన్నా ఎక్కువగా చూసుకునే పెద్ద మేడమ్ గారికి, మోకాళ్ళ నొప్పులతో కూడా ఇన్ని మెట్లెక్కి వచ్చిన మా రైలుబండి మాస్టారికి, చుట్టుపక్కల బళ్ళ నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకి, ఇది ఎప్పుడైపోతుందా అని గోడకానుకుని నిలబడ్డ పిల్లలకి, మూడో వరుసలో కూర్చుని ‘ఇంట్లో మాట్లాడేది చాలదా’ అన్నట్టు నావైపు చూస్తున్న మా వారికి, పేరుపేరునా అందరికీ నమస్కారం. (నవ్వులు)

నా పదవీ విరమణ కదా అని ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు నన్ను ఆకాశానికెత్తేశారు. అంత ఎత్తు నుంచి దిగడానికి నాకు కాస్త సమయం పడుతుంది, ఓర్చుకోండి. ‘ఈవిడ ఎంతోమంది టీచర్లకి పాఠం చెప్పడం నేర్పింది’ అన్నారు. అబద్ధం. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మనిషికి ఎలా చెప్పాలో నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే, ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసొచ్చింది. నా ఉద్యోగం అంతకన్నా చిన్నది. పాఠ్యపుస్తకాలు మారినప్పుడల్లా, పైన కూర్చున్నవాళ్ళు రాసిన కొత్త మాటలకీ, కింద తరగతిలో చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ మనిషికీ మధ్య ఎక్కడో దారం చిక్కుపడిపోతుంది. ఆ చిక్కు విప్పడం నా పని. అందుకు నేను చేసిందల్లా వెళ్ళి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవడం, పాఠమంతా నోరెత్తకుండా వినడం, అయ్యాక ఆ టీచరు పక్కన చేరి ‘ఆ మూలన కూర్చున్న పిల్లాడు ఏమనుకుంటున్నాడంటారు?’ అని అడగడం. అందుకే నన్ను వెనక బెంచీ మేడమ్ అన్నారు. చాటుగా ఇంకా ఏవేవో అన్నారట, అవి ఇవాళ ఎవరూ బయటపెట్టలేదు, సంతోషం. (నవ్వులు)

ఇంకో సంగతి గమనించారా. మీటింగంటే టీచర్లం ఎప్పుడూ వెనక వరుసల కోసం కొట్టుకుంటాం, మధ్యలో జారుకోవడానికి వీలుగా ఉంటుందని. ఇవాళ చూడండి, ఈ బడివాళ్ళంతా బుద్ధిమంతుల్లా ముందు వరుసల్లో సర్దుకుని కూర్చున్నారు. వెనక కూర్చున్నవాళ్ళంతా బయటి నుంచి వచ్చినవాళ్ళు. అన్నిటికన్నా చివరి బల్ల మీదైతే ఎవరూ లేరు. ఈ బడిలో హాలంటూ లేదు, రెండు గదుల మధ్య ఉన్న మడత తలుపులు తీసేస్తే ఇదే హాలవుతుంది. ముందు సగం ఐదో తరగతి. వెనక సగం, ఆ కిటికీల దగ్గర్నుంచి ఆ గోడ దాకా, మేడమీద చివరి గది. అక్కడ కూర్చున్న మిత్రులారా, కంగారు పడకండి, ఆ గది ఇంతవరకూ ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు. ఇవాళ నా గురించి కాకుండా దాని గురించి మాట్లాడతాను. ఎందుకంటే నేను వెళ్ళిపోయాక ఆ గదిలో ఒక్కతీ నిలబడాల్సిన అమ్మాయి ఒకతి ఈ హాల్లోనే ఉంది, నిలబడుతుందో లేదో ఇంకా నాకు చెప్పలేదు.

పుస్తకాలు మారిన ఏడాది మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ మన దగ్గర అది తిరగబడింది, కొత్తే రోత. పాత పుస్తకంలో ప్రశ్నలూ జవాబులూ పక్కపక్కనే ఉండేవి, పిల్లలు రాగం తీస్తూ వల్లె వేసేవాళ్ళు, పరీక్షలో పొల్లు పోకుండా దింపేసేవాళ్ళు, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. కొత్త పుస్తకంలో ప్రశ్నలే ఉన్నాయి. టీచరు ప్రశ్న వేసి, ఆగాలి. జవాబు అందించకూడదు, ‘చెప్పండి చెప్పండి’ అని తొందరపెట్టకూడదు, పిల్లల్లో ఎవరో ఒకరు తమంతట తాము నోరు విప్పేదాకా ఊరుకోవాలి. విప్పాక అది తప్పనీ ఒప్పనీ అనకుండా ‘నీకెందుకలా అనిపించింది?’ అని అడగాలి. చదవడానికి ఇంతే. చేసి చూస్తే తెలుస్తుంది. ప్రశ్న వేశాక వచ్చే ఆ నిశ్శబ్దంలో తలపండిన టీచర్లకి చెమటలు పట్టడం నేను కళ్ళారా చూశాను. ప్రశ్న వేసినవాళ్ళే జవాబూ చెప్పేసి, ‘అంతే కదా’ అని, ‘అంతే టీచర్’ అని పిల్లల చేత అనిపించుకుని అప్పుడు ఊపిరి పీల్చుకునేవాళ్ళు. గ్రూపులు కట్టారు, చార్టులు అంటించారు, రంగు కార్డులు పంచారు. ఆగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఆగనివాళ్ళలో మహారాజు మన రైలుబండి మాస్టారు. (నవ్వులు) ఆ పేరు పిల్లలు పెట్టింది. గంట కొట్టగానే బయల్దేరితే మళ్ళీ గంట కొట్టేదాకా ఏ స్టేషన్లోనూ ఆగరని. ఆయనకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. ఆయన్ని ఆపించి రమ్మని పై నుంచి నన్ను పంపారు. స్టాఫ్ రూములో టీ గ్లాసు నా ముందుకు జరిపి ఆయనే మొదలుపెట్టారు.

‘‘చూడండమ్మా, నేను మొండివాణ్ణి కాను. గ్రూపులు కట్టమన్నారు, కట్టాను. కార్డులు చెయ్యమన్నారు, మా ఆవిడ చేత కత్తిరింపించి మరీ చేశాను. కింద ఏ గదిలోనైనా సరే, ప్రశ్న వేసి సాయంత్రం దాకా ఆగమనండి, ఆగుతాను. మేడమీద చివరి గదిలో మాత్రం నన్ను ఆగమనకండి.’’

‘‘ఆ గదిలో ఏముంది సార్?’’

‘‘ఏమీ లేదు. ఆగితే జవాబొస్తుంది.’’

‘‘జవాబు రావాలనే కదండీ ఆగడం.’’

‘‘పిల్లల దగ్గర్నుంచి కాదమ్మా వచ్చేది.’’

చెప్పేవాడికి వినేవాడు లోకువ, పని తప్పించుకోవడానికి పెద్దాయన భలే కథ పట్టుకొచ్చారని మనసులో నవ్వుకున్నాను. మర్నాడు ఆ గదిలో వెనక బెంచీ మీద, ఇదిగో ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ బల్ల మీదే, కూర్చున్నాను. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతోంది, పిల్లలు శుభ్రంగా తలలు దువ్వుకుని ఉన్నారు, భయపడటానికి తగ్గ వాతావరణం ఏ కోశానా లేదు. మాస్టారు నావైపు ఒకసారి చూసి, ‘నీరు ఎన్ని రూపాల్లో ఉంటుంది?’ అని అడిగి, ఆగారు. నేను పిల్లల్ని వెనక నుంచి చూస్తున్నాను, నాకు కనపడేది వాళ్ళ మెడలే. ఒక్క మెడ కదల్లేదు. అప్పుడు నా పక్కనున్న గోడ దగ్గర మొదలై అవతలి కిటికీ దాకా, చాలామంది పిల్లలు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. దాని వెనకే రాగం. ‘నీరు మూడు రూపములలో లభించును. అవి ఘన, ద్రవ, వాయు రూపములు.’

ఆ ‘లభించును’ వినగానే పోల్చుకున్నాను. అది నేను చిన్నప్పుడు చదువుకున్న పుస్తకంలోని వాక్యం. ఈ పిల్లలు పుట్టకముందే ఆ పుస్తకం అచ్చు వెయ్యడం మానేశారు, అందులో వాక్యం వీళ్ళ నోటికి వచ్చే దారే లేదు. వచ్చిందనుకున్నా, పక్కకి వంగి చూశాను కదా, ఎవరి పెదవీ కదల్లేదు. మాస్టారు చటుక్కున అందుకుని మళ్ళీ బయల్దేరారు, గంట కొట్టేదాకా ఇక ఆగలేదు. ఆ రోజు ఆయన్ని ఆగమని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

భయపడింది మేమిద్దరమే. పిల్లలకి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇంటర్వెల్లో ఒకణ్ణి పిలిచి, ‘ఇందాక జవాబు చెప్పింది ఎవర్రా?’ అన్నాను. ‘గది చెప్తుంది టీచర్’ అన్నాడు, నీళ్ళు ఏ కుళాయిలో వస్తాయో చెప్పినంత మామూలుగా. ‘గదే చెప్పేస్తుంది కదా, ఇంక మేమెందుకు చెప్పడం?’ అన్నాడు. గది మాట్లాడటం కన్నా నాకు ఈ మాటే ఎక్కువ భయం వేసింది. గోడలకు చెవులుంటాయని అందరం అంటాం. ఏళ్ళ తరబడి పిల్లలు ఒకే మాట గొంతెత్తి వల్లె వేస్తూ పోతే, ఆ చెవుల్లోకి వెళ్ళిన మాట చివరికి ఎక్కడ తేలుతుందో ఎవరం ఆలోచించలేదు. అధికారి గారు తల అడ్డంగా ఆడిస్తున్నారు. ఫర్వాలేదు సార్, మీరు ఆ గదిలో ప్రశ్న వేసి ఎప్పుడూ ఆగలేదు. ఏ గదిలోనూ ఆగలేదనుకోండి. (నవ్వులు, చప్పట్లు. ముందు వరుసలు ఆపేశాక కూడా వెనక కాసేపు వినిపించాయి)

మీరు గమనించారో లేదో, ఇందాకట్నుంచి నేను కూడా ఎక్కడా ఆగడం లేదు. మా వారు గమనించారు, ఊపిరి పీల్చుకోమని చేత్తో సైగ చేస్తున్నారు. పీల్చుకుంటాను, కాస్త ఉండండి.

భూతవైద్యం నాకు రాదు. నాకు వచ్చినదల్లా ప్రశ్న మార్చడం. మాస్టారూ నేనూ స్టాఫ్ రూములో కూర్చుని తలలు బద్దలు కొట్టుకున్నాం. గది దగ్గరున్నవి పాత జవాబులు, కాబట్టి ఏ పాత పుస్తకంలోనూ జవాబు లేని ప్రశ్న వెయ్యాలి. నిజానికి కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసింది కూడా ఇదే, ట్రైనింగుల్లో నేను గొంతు చించుకున్నదీ ఇదే, గోడ పక్కన కూర్చున్నాక గానీ నాకు ఒంటపట్టలేదు. ఆ వారంలోనే మాస్టారు తన చేతిరుమాలు తడిపి కిటికీ ఊచకి కట్టారు. పాఠం పూర్తయ్యేసరికి అది ఆరింది. దాన్ని విప్పి పిల్లలందరికీ తాకించి, ‘ఇందులో నీళ్ళు ఎక్కడికి పోయాయి?’ అని, ఆగారు. బల్ల అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడటం నాకు అంత దూరం నుంచీ కనపడింది. గోడ దగ్గర ఊపిరి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. వచ్చి, అలాగే ఉండిపోయింది. పీల్చిన ఊపిరి వదల్లేదు, మాట రాలేదు. అంతమంది ఊపిరి బిగబట్టిన గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

అప్పుడు రెండో వరుసలో ఒక పిల్ల లేచి నిలబడింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఏం మాట్లాడినా తన గౌను బొత్తాలకే చెప్పుకుంటుందని అందరూ గొణుగుడు అని పిలిచే పిల్ల. ముందు పళ్ళు ఊడి ఉన్నాయి.

‘‘బట్టే తాగేసింది సార్.’’

మాస్టారు నేను నేర్పిన మాట నాకన్నా బాగా అడిగారు. ‘‘నీకెందుకలా అనిపించింది తల్లీ?’’

ఆ పిల్ల చెప్పింది. ఏం చెప్పిందో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. అందులో వాళ్ళమ్మ ఉంది, చలికాలపు పొద్దు ఉంది, సరిగ్గా ఆరని ఒక గౌను ఉంది. ఇంతకన్నా ఇక్కడ చెప్పను, ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఆమె కూర్చోగానే వెనక నుంచి ఒకడు, ‘తాగితే బరువెక్కాలి కదా’ అన్నాడు. రుమాలు చేతులు మారింది. ఇంకొకడు, ‘తాగి పక్క తడిపేసిందేమో సార్’ అన్నాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ గదిలో నేను విన్న మొదటి బతికున్న చప్పుడు ఆ నవ్వు. వెనక బెంచీ మీద నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కథ అక్కడితో ఆగితే నేనీపాటికి కూర్చునేదాన్ని. తర్వాత జరిగింది మన వృత్తివాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు. అప్పటి అధికారి గారు, మీరు కాదు సార్, భయపడకండి, ఆ పాఠం సంగతి విని ముచ్చటపడి దాన్ని మాదిరి పాఠం చేశారు. కొత్త పద్ధతి అంటే ఏమిటో చూసి నేర్చుకోమని ఏటా చుట్టుపక్కల టీచర్లందర్నీ ఇక్కడికి పంపేవాళ్ళు. వచ్చినవాళ్ళ ముందు పరువు పోకూడదు కదా. అందుకని అదే రుమాలు, అదే కిటికీ ఊచ, అదే ప్రశ్న. ఆగడం కూడా ఎంతసేపు ఆగాలో ముందే రిహార్సల్. మొదటి ఏడాది గొణుగుడు చేతే పదే పదే చెప్పించారు, ఆ తర్వాత ఏటా రెండో వరుసలో ఒక చురుకైన పిల్లని ఎంచి, ‘బట్టే తాగేసింది సార్’ అని లేచి చెప్పడం నేర్పేవాళ్ళు. పాఠం చెప్పేది ఆడటీచరైనా సరే, సార్ అనే అనాలి, మొదట అలా జరిగింది కాబట్టి. ఆ పిల్ల మర్చిపోతే క్లాసంతా కలిసి అందించేది. ఒప్పు జవాబులు కంఠతా పట్టించినవాళ్ళని చూశాం. తప్పు జవాబుని కూడా చిలకపలుకు చేసిన ఘనత మనకే దక్కింది. (నవ్వులు) ‘నీకెందుకలా అనిపించింది’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గంట కొట్టేసేవాళ్ళు. మొదట గొణుగుడు చెప్పిన కారణం ఒక ఇంటి సంగతి, అది మాదిరి పాఠంలో ఇమడదని వదిలేశారు. ఆ కారణం ఈ గదిలో ఒక్కసారే పలికింది.

ఆ గొణుగుడు పిల్ల పెద్దదైంది, చదువుకుంది, టీచరైంది. ఈ ఏడాది ఇదే బడికి వచ్చింది. ఇచ్చింది ఆ గదే. చేరిన కొన్నాళ్ళకి, ఒకరోజు బడి వదిలాక మెట్ల మీద నన్ను ఆపి, అక్కడే కూలబడింది.

‘‘మేడమ్, నేనీ గదిలో చెప్పలేను. వేరే బడికి వేయించుకుంటాను.’’

‘‘ఏమైందమ్మా?’’

‘‘రుమాలు పాఠం చెప్పి, ప్రశ్న వేసి ఆగాను. రెండో వరుసలోంచి జవాబొచ్చింది. అక్కడ ఎవరూ లేవలేదు. అది నేనే మేడమ్.’’

‘‘నువ్వేమిటే?’’

‘‘చిన్నప్పటి నా గొంతు. పళ్ళ సందులోంచి గాలి పోతోంది. నన్ను సార్ అంది.’’

‘‘మరి పిల్లలు?’’

‘‘ఆ అక్క ఎప్పుడూ చెప్తుంది టీచర్, మీరు కానివ్వండి అన్నారు.’’

ఆ రోజు నుంచి ఈ అమ్మాయి ఆగడం మానేసింది. మాస్టారి శిష్యురాలు రెండో రైలుబండి అయింది. పిల్లలు మళ్ళీ నోళ్ళు కట్టేసుకున్నారు. ఆ గదిలో ఇప్పుడు చదువుతున్నవాళ్ళలో కూడా ఒక గొణుగుడు ఉండే ఉంటుంది కదా, బొత్తాలకి ఏదో చెప్పుకుంటూ. టీచరు ఆగకపోతే ఆ మాట బొత్తాల దగ్గరే ఉండిపోతుంది. ఈ అమ్మాయి వెళ్ళిపోతే ఆ గది తీసుకోవడానికి ఇక ఎవరూ లేరు, పెద్ద మేడమ్ గారు అందర్నీ అడిగి చూశారు. నా సంగతి చెప్పాలంటే, నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇన్నేళ్ళూ నేను చేసింది ఒక వల్లెవేత తీసి దాని చోట ఇంకో వల్లెవేత పెట్టడమేనా అని గుండెల్లో రాయి పడింది. ఆ రాయి ఇంకా అక్కడే ఉంది, మీరిచ్చిన పూలగుత్తి దాన్ని కదల్చలేదు, క్షమించండి.

‘‘మీరు వెనక కూర్చుంటే ఆగగలను మేడమ్’’ అంది. సరే అని ఏడాదంతా వీలైనప్పుడల్లా వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు, అంతకుముందు ఇన్నేళ్ళూ అన్నట్టే, గుమ్మం దగ్గర ‘వెళ్ళొస్తానమ్మా’ అని వెళ్ళేదాన్ని. వెళ్తున్నానని ఎవరంటారు చెప్పండి, పెద్దవాళ్ళు చెంప మీద ఒక్కటిస్తారు. మంచి మాటే. ఎన్నిసార్లు అని ఉంటానో.

మొన్న నేను కింద ఆఫీసులో పెన్షన్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఈ అమ్మాయి ఫోన్ చేసింది.

‘‘మేడమ్, ఇందాక పాఠానికి వచ్చారా?’’

‘‘లేదమ్మా, పొద్దుట్నుంచీ కిందే ఉన్నాను. ఏం?’’

‘‘నేను బోర్డు తుడుస్తున్నాను. వెనక నుంచి వెళ్ళొస్తానమ్మా అన్నారు. నేను తిరక్కుండానే, మంచిది మేడమ్ అన్నాను.’’

మెట్లెలా ఎక్కానో నాకు తెలీదు. పిల్లలు వెళ్ళిపోయారు, ఈ అమ్మాయి బోర్డుకి ఆనుకుని డస్టరు గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. నేను వెనక బెంచీ మేడమ్‌ని, నాకు వచ్చిన పని ఒకటే. వెళ్ళి నా చోట కూర్చుని, ‘పాఠం చెప్పు’ అన్నాను. ఖాళీ గదికి ఈ అమ్మాయి ప్రశ్న వేసింది. రుమాల్లో నీళ్ళు ఎక్కడికి పోయాయి అని. ఆగింది. రెండో వరుసలోంచి వచ్చింది, ‘బట్టే తాగేసింది సార్.’ మధ్యాహ్నపు ఎండలో ఆ బల్ల మీద దుమ్ము కూడా స్పష్టంగా కనపడుతోంది, మనిషి లేదు. పారిపోదామనిపించింది, నిజం. ఈ అమ్మాయి నావైపు చూసింది. నేను తలాడించాను. అప్పుడు ఆ ఖాళీ బల్లని అడిగింది, పసిపిల్లని అడిగినట్టే, ‘నీకెందుకలా అనిపించింది తల్లీ?’

ఊపిరి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. అంతే. మళ్ళీ అడిగింది. అంతే. ఈ అమ్మాయి ఆగింది. మన కొత్త పద్ధతిలో ఎంత ఆగమన్నారో దానికన్నా ఎక్కువే ఆగింది. తర్వాత నావైపు తిరిగి, కళ్ళు తుడుచుకుని, ‘దానికి తెలీదు మేడమ్, నాకు తెలుసు’ అంది.

అదీ సంగతి. పదే పదే అన్నది గదికి చేరుతుంది, ఒక్కసారి మనసులోంచి అన్నది మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే ఆ కారణాన్ని ఇందాక ఇక్కడ చెప్పలేదు, అది ఈ అమ్మాయిది, దాచుకోనిద్దాం. మరి ఈ గదిలో ఉంటావా అని ఆ రోజే అడిగాను. తలొంచుకుంది, జవాబు చెప్పలేదు. నేను తొందరపెట్టలేదు. జవాబు అందించలేదు. ఇప్పటికీ ఆగే ఉన్నాను. ఒక్క మాట మాత్రం చెప్తానమ్మా. రేపట్నుంచి వెనక బల్ల దగ్గర నా గొంతు వినపడితే, మేడమ్ ఉన్నారులే అని ధైర్యం తెచ్చుకోకు. దాన్ని నమ్ముకుంటే నీ పాఠం నేను చెప్తున్నట్టవుతుంది. నేను అడిగిన ప్రశ్నలు కూడా పాతబడిపోయాయి, గది నేర్చేసుకుంది. నీ ప్రశ్న నువ్వు పుట్టించుకోవాలి.

ఇక ధన్యవాదాలు. అధికారి గారికి, నా మాటల్ని నవ్వుతూ భరించినందుకు. పెద్ద మేడమ్ గారికి, ఆ గదికి తాళం వేసెయ్యమని ఎంతమంది చెప్పినా వెయ్యనందుకు. మాస్టారికి, ఆ రోజు ఆగినందుకు, ఆయనకి ఈ మాట ఎవరైనా చెవిలో గట్టిగా చెప్పండి. ఇన్ని కుర్చీలు మేడమీదికి మోసిన అటెండర్లకి. మా వారికి, ఇన్నేళ్ళూ నేను ఇంట్లో కూడా ‘మీకెందుకలా అనిపించింది’ అని అడుగుతుంటే పారిపోకుండా ఉన్నందుకు. (నవ్వులు) మా వారు మళ్ళీ సైగ చేస్తున్నారు. సరేనండి, ఇప్పుడు ఆగుతాను, మంచినీళ్ళు తాగుతాను. అమ్మాయీ, నీ జవాబు కోసమే ఆగుతున్నాను.

(మేడమ్ మైకు ముందు నుంచి పక్కకి జరిగి గ్లాసు అందుకున్నారు. సభలో నిశ్శబ్దం. చివరి వరుస వైపు నుంచి మేడమ్ గొంతు: ‘‘వెళ్ళొస్తానమ్మా.’’)

(గ్లాసు ఇంకా మేడమ్ పెదవుల దగ్గరే ఉంది. సభ మొత్తం వెనక్కి తిరిగింది. వెనక కూర్చున్నవాళ్ళు కొందరు లేచి ముందుకు వచ్చేశారు. రెండో వరుసలోంచి మేడమీద గది టీచరు లేచి, ఖాళీ బల్ల వైపు తిరిగి నిలబడింది. ‘‘మళ్ళీ ఎందుకొస్తారు మేడమ్?’’ అని అడిగింది. ఆగింది. ఊపిరి పీల్చుకున్న చప్పుడు అందరికీ వినపడింది. ఇంకేమీ వినపడలేదు. ఆమె చాలాసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత ముందుకు రాకుండా వెనక్కి నడిచి వెళ్ళి, ఖాళీ బల్ల పక్కనున్న కుర్చీలో కూర్చుంది)

విన్నారు కదా. అది నా గొంతే, అది నేను కాదు. దాన్ని ఎందుకు అని అడిగితే చెప్పలేదు. నన్ను అడిగితే చెప్తాను. మళ్ళీ రాను, వెళ్తున్నాను, నాకు జవాబు దొరికింది కాబట్టి. ఇదిగో ఇప్పుడే, నా కళ్ళ ముందే, ఆ కుర్చీలో కూర్చుంది.

చల్లగా ఉండు తల్లీ. ఈ గదిలో ఇన్నేళ్ళూ ఎప్పుడూ అనని మాట ఒకటి నా దగ్గర మిగిలి ఉంది, దాన్ని ఒక్కసారే అంటాను, మళ్ళీ అనను. రేపు ఎప్పుడైనా ఈ మాట వెనక నుంచి వినపడితే అప్పుడు మాత్రం భయపడండి.

సెలవు.